లిఫ్టు – ఏతము

నేను విజయవాడలో ఎనిమిదవ తరగతి చదువుచున్నప్పుడు లిఫ్టు పనిచేయు విధమును గూర్చి వ్యాసము వ్రాసి తెమ్మని మా సైన్సు మాస్టారు చెప్పిరి. రామమోహన గ్రంథాలయమున రెండు సాయంకాలములు కూర్చుంటిని. ఎలీషా ఓటిస్ 1854లో న్యూయార్కు ప్రదర్శనమున, తాను నిలిచిన వేదిక త్రాటిని తెగకోయించి, అది క్రింద పడక నడుమనే ఆగిపోవుట జనులకు చూపెనట! వ్యాసము పది పుటలైనది. నాకు గర్వము కలిగినమాట నిజము.

మాస్టారు చదివి ఒకే ప్రశ్న వేసిరి.

“ఖాళీ లిఫ్టును ఎక్కించుట కష్టమా, దింపుట కష్టమా?”

“ఎక్కించుటేనండీ.”

ఆయన నవ్వి వ్యాసమును తిరిగి ఇచ్చివేసిరి.

మరునాడు ఒక పెద్ద భవనమున లిఫ్టు నడుపు ముసలాయన నడిగితిని. “త్రాటి రెండవ కొసను ఇనుపదిమ్మలుండును, బాబూ. లిఫ్టుగది బరువు, దానిపై అది మోయదగిన బరువులో సుమారు సగము – అంత తూగును. ఖాళీ గదికంటె అవే బరువు. దానిని దింపుటకే మోటారు శ్రమపడవలెను” అనెను. నాకు నమ్మకము కుదరలేదు.

ఆదివారము ఉయ్యూరు దగ్గరనున్న మా తాతగారి తోటకు పోయితిని. ఆయన ఏతముతో నీళ్లు తోడుచుండిరి. ఖాళీ బానను నూతిలోనికి దింపునప్పుడు మెడనరములు ఉబ్బుచుండెను. నిండిన బాన సులువుగా పైకి వచ్చుచుండెను. ఏతపుమ్రాను వెనుక కొసను పెద్దరాయి! పుట్టి బుద్ధెరిగిన నాటినుండి చూచుచున్నదే.

“తాతయ్యా, ఒక్కసారి నేను లాగెదను” అంటిని. బాన దిగలేదు సరికదా, నా కాళ్లే నేల విడిచినవి.

ఆ రాత్రి పది పుటలును చించి, రెండు పుటలు వ్రాసితిని. ఓటిస్‌ను మాత్రము వదలుటకు మనసొప్పలేదు.