నెల రోజుల ఒట్టు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగితే, మా పీజీ గదిలో నలుగురం కూర్చుని దీని గురించే రాద్దామనుకున్నాం. మొదటి సిగరెట్ వెలిగించింది ఈ హాస్టల్ గోడ వెనకే కాబట్టి ఇక్కడ చెప్పడమే న్యాయం. పేర్లు పెట్టడం లేదు. 'మాలో ఒకడు' అంటే ఎవడని అడగొద్దు. ఈ సంచికను మా ఇళ్ళలో చదివించుకుని వినేవాళ్ళున్నారు.

సిగరెట్ మానింది ఆరోగ్యం మీద భక్తితో కాదు. కానిస్టేబుల్ పరీక్ష కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేస్తుంటే, మూడో రౌండుకే మాలో ఒకడు దగ్గుతూ నేల మీద కూలబడ్డాడు. వాడిని చూసి నవ్వి, మేం పరిగెత్తి, మేమూ కూలబడ్డాం. ఆ రోజే మానేశాం. ప్యాకెట్ మీద 1800-11-2356 అని నంబరుంటుంది కదా, మానాలనుకునేవాళ్ళ కోసం. ఒకడు దానికి ఫోన్ కూడా చేశాడు. సోంపు నమిలాం, వేయించిన చెనిక్కాయలు నమిలాం, ఒకరి మీద ఒకరం కసురుకున్నాం. వారం రోజులు నిలబడితే చాలు, తర్వాత కొంచెం తెరిపి వస్తుంది.

అయితే మూడుసార్లు మానాం, మూడుసార్లూ శనివారం రాత్రే ఒట్టు పోయింది. రెండో గ్లాసు కాగానే చెయ్యి దానంతటదే చొక్కా జేబు తడుముతుంది. అప్పుడర్థమైంది, మేం పట్టుకుంది తోకను. తల మందు దగ్గరుంది. శివరాత్రి మరుసటి రోజు నుంచి ఉగాది దాకా చుక్క ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాం.

ఇదేం కొత్త సంగతి కాదు. మా ఊర్లలో అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు నలభై ఒక్క రోజులు ముట్టరు. ఇరుముడి దించి వచ్చిన రాత్రే బాకీ తీర్చుకునేవాళ్ళనూ చూశాం.

మొదటి శనివారం ఏం చేయాలో తోచలేదు. నలుగురం మేడ మీద కూర్చున్నాం. మాటలు లేవు. మూడేళ్ళ స్నేహం మాది, మందు లేకపోతే చెప్పుకోవడానికి ఏమీ లేదా అని భయమేసింది. రెండో శనివారమూ అంతే, సెల్‌ఫోన్లు చూసుకుని పడుకున్నాం. మూడో వారం మాలో ఒకడు వాళ్ళ నాయన బెంగళూరు కూలిపనికి పోయి ఏడాదిగా డబ్బు పంపడం లేదని చెప్పాడు. ఈ మాట మందు మీద పదిసార్లు చెప్పి ఏడ్చినవాడే. తెల్లారితే వాడూ మరిచేవాడు, మేమూ మరిచేవాళ్ళం. ఈసారి మరవడానికి వీల్లేకపోయింది.

లెక్క కూడా వేశాం. 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చాక 99 రూపాయల క్వార్టర్ దొరుకుతోంది. సోడా, మిక్చరు, గుడ్డు బోండాలు కలిపి మనిషికి 180. నాలుగు శనివారాలకు నలుగురికి 2880 రూపాయలు. ఒక్కొక్కరికి 720. మాలో ఒకడి అమ్మ డ్వాక్రా గ్రూపుకు నెలనెలా కట్టే కంతు దాదాపు అంతే.

ఆ కంతు వెనక కథ మాకు వాళ్ళ అవ్వ చెప్పింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఆ మంట కడప, చిత్తూరు, మన అనంతపురం దాకా పాకింది. "మేమూ చీపుర్లు ఎత్తుకోని పోయినాం లేరా సామీ. పాకెట్లు కుప్పేసి కాల్చినాం," అంది అవ్వ. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. సారాకు పోయే రూపాయిని దాచుకుందామని అప్పట్లో నెల్లూరు ఆడవాళ్ళు పొదుపు మొదలుపెట్టారు. పొదుపు సంఘాలు మా ఊర్లకూ వచ్చాయి. అట్లాంటి సంఘంలో అప్పు తీసుకునే వాళ్ళమ్మ వాడికి ట్రంకు పెట్టె, దుప్పటి, డిగ్రీ పుస్తకాలు కొనిచ్చింది. ఆ ట్రంకు పెట్టె అడుగునే మేం సీసాలు దాచేవాళ్ళం.

అవ్వ ఇదంతా చెప్పి, "నువ్వు తాగుతావంటనే?" అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

నెల మధ్యలో మాలో ఒకడు ఊరికి పోయి, "ఉగాది దాకా ఇద్దరం మానుదాం నాయనా," అన్నాడు. ఆయన రోజూ తాగే మనిషి. కొడుకు మాట మీద సరేనన్నాడు. రెండో రోజుకు చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమట, నిద్ర లేదు. నాటకమనుకున్నాడు మావాడు. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు వీడినే తిట్టాడట. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు, మందుల సాయంతో డాక్టరు కనుసన్నలో మానాలి. తమ్ముళ్ళారా, మన ఇళ్ళలో ఇట్లాంటివాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకే రాస్తున్నాం. మేం మానినంత తేలిక కాదు వాళ్ళకు. ఆయన ఇరవై రోజులు మాత్రలు వాడి, పనికి పోయినచోట మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంకోసారి పిలుచుకుపోవాలి.

'కొంచెం తాగితే ఏం కాదు' అనే మాట మేమూ అన్నదే. ఇంత తాగితే ప్రమాదం లేదని చెప్పగల కొలత ఏదీ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చేసింది. చదివాం, తల ఊపాం. నిజం చెప్పాలంటే మమ్మల్ని ఆపింది ఆ కాగితం కాదు, ట్రంకు పెట్టె.

ఉగాది వచ్చింది. మరుసటి రోజు మాంసం వండుకున్నాం. నలుగురిలో ఇద్దరు తాగారు, ఇద్దరు తాగలేదు. తాగినవాళ్ళలో ఒకడు మధ్యలో లేచి బంకు దాకా నడిచి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. బంకు మూసేసి ఉందట. తెరిచి ఉంటే ఏం చేసేవాడివిరా అంటే, తెలీదన్నాడు. తెల్లారి వాడే గోడ మీద క్యాలెండర్ తీసి, కొత్త నెలకు పెన్సిల్‌తో మొదటి గీత గీశాడు.