రెండు ఎత్తుల వంటపాక

పులికాట్ చుట్టుపక్కల ఏ యానాది కాలనీకి పొద్దున ఆరు గంటలకు పోయినా ఒకటే కనబడుతుంది. ఇళ్లు స్లాబువి, పొయ్యిలు బయటివి. లోపల వంటగది లేక కాదు. ఉంది. అందులో వలలు, బియ్యం మూట, పిల్లల పుస్తకాల సంచులు, గ్యాసు బండ ఉంటాయి. వంట మాత్రం గోడ వారన మూడు రాళ్ల మీద. చూడను వచ్చినవాళ్లు "ఇళ్లు కట్టించినా వీళ్లు మారలేదు" అనుకుంటూ పోతారు. మా కాలనీకి వచ్చిన ఒక అధికారి ఆ మాట మా అమ్మ ముందరే అన్నాడు. అమ్మ తల వంచుకుని మంట ఎగదోసుకుంటా ఉండిపోయింది. ఆయన పోయినాక నాతో, "ఆయనింట్లో పొగ యాడికి పోతాదో అడగాల్సిందిరా అబ్బయా" అనింది.

ఆ ప్రశ్న చిన్నది కాదు. మన ఆడవాళ్లు బయట వండేది తెలివి లేక కాదు, తెలివి ఉండే. కట్టెల పొయ్యిని నాలుగు గోడల మధ్య పెట్టి ఒక కిటికీ వదిలితే ఆ గది చేపలను ఆరబెట్టే పొగగూడు అవుతుంది. బయటైతే పొగ పైకి పోతుంది, గాలికి చెదురుతుంది. కట్టె, పిడక లాంటివి కాల్చిన పొగ ఇళ్లలో నిండటం వల్ల 2020లో ప్రపంచమంతా కలిపి సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అట్లాగని మూడు రాళ్ల పొయ్యి మంచిదనీ నేను చెప్పను. అమ్మకు అరవై దాటాయి. రెండేళ్లుగా తెల్లవారుజామున దగ్గు ఆగదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఊపిరి విని, "పొయ్యి దగ్గర ఎన్నేళ్ల నుంచి కూర్చుంటున్నావమ్మా?" అని అడిగింది. "పుట్టినకాడి నుంచి" అని అమ్మ జవాబు. పొయ్యి బయటే ఉండాలి, పొగ మాత్రం అమ్మ ముఖానికి రాకూడదు. మేము వంటపాక కట్టింది ఈ రెండూ కుదరడానికే.

అమ్మ వాళ్లది శ్రీహరికోట దీవి. ఆ దీవి కథ కూడా ఒక రకంగా పొయ్యి కథే. 1835లో కంపెనీ ప్రభుత్వం దాన్ని తీసుకున్నది మద్రాసు పట్నానికి వంటచెరుకు కోసం. అడవిలో కొట్టిన కట్టె బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో పట్నం చేరేది. ఆ అడవిలో పని చేసినవాళ్లు మనవాళ్లు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు, 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్ అక్కడి నుంచి పోయింది. మనవాళ్లు సరస్సు ఇవతలికి వచ్చి పడ్డారు. అప్పటికి అమ్మ చిన్నపిల్ల. ఆమెకు బాగా గుర్తున్నది ఇల్లు కాదు, చెట్టు కింద పొయ్యి. వానొస్తే పైన తాటాకు కప్పేవాళ్లంట, వాన పోతే తీసేసేవాళ్లంట. ఇప్పుడు రాకెట్ పొగ చూడటానికి జనం సూళ్లూరుపేటకు బస్సులు కట్టుకుని వస్తారు. మా పొయ్యి పొగ చూసి మాత్రం ముక్కు మూసుకుంటారు. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

మాకు వచ్చిన స్థలం సెంటున్నర. అంటే 72.6 గజాలు, అడుగుల్లో 653. ఇల్లు 340 చదరపు అడుగులు. ముందర వాకిలి, పక్కన సందు పోను పెరట్లో మిగిలింది చాలా కొంచెం. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వచ్చినప్పుడు పెరట్లో ఉన్న తాటాకు పందిరి ఎగిరి ఎక్కడో పడింది. నాలుగు రోజులు పెరడంతా మోకాటి లోతు నీళ్లు. నీళ్లు తీసినాక నాయన అన్నాడు, "ఈసారి పందిరి కాదు, పాక కడదాం. లెక్కగా కడదాం."

ఎనిమిదడుగులకు ఏడడుగులు. అంతకంటే చోటు లేదు. ఏ మూల కట్టాలనేది పెద్ద తగువు. మేస్త్రీ ఆగ్నేయం అన్నాడు. నాయన ఒప్పుకోలేదు. "నీ వాస్తు గాలికి తెలుసా?" అన్నాడు. తరువాత ఆయన చేసిన పని చూసి నాకు ముచ్చటేసింది. అటక మీద నుంచి ఎలుకల పొగకుండ దించాడు. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు దాన్ని చూసి ఉండరు. అడుగున చిన్న బెజ్జం ఉండే కుండ అది. లోపల గడ్డి కుక్కి నిప్పు పెట్టి, మూతిని ఎలుక కన్నానికి ఆనించి బెజ్జంలో ఊదితే పొగంతా కన్నంలోకి పోతుంది. పొగ ఎటు పోతుందో, ఎక్కడ నిలుస్తుందో మా నాయనకు అట్లా తెలుసు. తడిగడ్డి వేసి ఆ కుండను పెరట్లో నాలుగు మూలలా పెట్టి చూశాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి. పది రోజులు. నేను నోటుపుస్తకంలో బాణం గుర్తులు వేశాను.

ఆ గుర్తులు చెప్పింది ఇది. మా ఇల్లు తూర్పు ముఖం, సరస్సు వైపు. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది కాబట్టి పెరట్లో పొగ ఇంటికి రాదు, వెనకింటికి పోతుంది. వాళ్లింట్లో ఉయ్యాల పిల్ల ఉంది. తెల్లవారుజామున మాత్రం నేల మీది గాలి పడమర నుంచి వచ్చి పొగను మా ఇంట్లోకే తోస్తుంది. వానాకాలం ఈశాన్యం గాలి సంగతి గుర్తులు లేకుండానే అందరికీ తెలుసు, మన దగ్గర వాన ఎక్కువగా పడేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వేసవిలో పడమటి గాలి మరో భయం. ఒక్క నిప్పురవ్వ లేచిందంటే కాలనీ చివర ఉన్న నాలుగు తాటాకు గుడిసెలు మిగలవు.

అందుకే నైరుతి మూల ఎంచుకున్నాం. పడమటి వైపు నిండు గోడ, పైకప్పు దాకా. తూర్పునా ఉత్తరానా మూడడుగుల పిట్టగోడ. దక్షిణం తెరిచి ఉంది, దారి అటే. పొయ్యి నోరు కూడా దక్షిణానికే. నోరు ఉత్తరానికి పెడితే వానాకాలపు గాలి నేరుగా దూరి కట్టె గబగబా కాలిపోతుంది, వేడి గిన్నెకు అందదు. పిట్టగోడ మూడడుగులే ఉండాలని పట్టుబట్టింది అమ్మ. పీట మీద నుంచి లేచి నిలబడితే వీధి కనబడాలంట. "గోడలకేసి చూస్తా వండను" అనింది.

ఇంక రెండో తగువు. నా భార్య శ్రీసిటీలో కంపెనీకి పోతుంది. తెల్లవారి కంపెనీ బస్సు ఎక్కాలి. ఆమెకు కూర్చుని వండటం కుదరదు, నడుము పట్టేస్తుంది. అమ్మకు నిలబడి వండటం కుదరదు, మోకాళ్లు. "అత్తా, అరుగు కట్టుకుందాం" అంటుంది ఈమె. "నీకు అరుగు కావాలంటే కట్టుకోమ్మా, నా పొయ్యి నేల మీదే" అంటుంది ఆమె. టౌనులో అరుగులన్నీ ఒకే ఎత్తు ఉంటాయి, మనిషే దానికి సర్దుకోవాలి. మేము సొంతానికి కట్టుకుంటున్నాం కాబట్టి ఆ ఇబ్బంది లేదు. రెండు ఎత్తులు పెట్టాం. అమ్మకు నేల మీద రెండు కన్నుల పొయ్యి. నా భార్యకు 22 అంగుళాల అరుగు, దాని మీద 9 అంగుళాల ఒంటికన్ను పొయ్యి. 22 ఎందుకంటే, ఆమె నిలబడి చేయి మడిచినప్పుడు గిన్నె అంచు మోచేతి కంటే కిందనే ఉండాలి. గరిట తిప్పేటప్పుడు భుజం లేవకూడదు. వేరే మనిషికి వేరే లెక్క వస్తుంది.

పొగ లేని పొయ్యి కొత్త సంగతేం కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో పనిచేసిన ఎస్.పి.రాజు గారు 1953లోనే లక్షల మందికి పొగలేని వంటిళ్లు కావాలని ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం రాశారు. మట్టితోనే కట్టి, పొగగొట్టం పెట్టిన పొయ్యి ఆయనది. 1980లలో ప్రభుత్వం కూడా దేశమంతా ఇలాంటి పొయ్యిలు పెట్టించింది. మా మేనత్త వాళ్లింట్లో అప్పట్లో ఒకటి పెట్టారు. ఏడాదికే గొట్టం మసితో మూసుకుపోయింది, దాన్ని పగలగొట్టి మళ్లీ మూడు రాళ్లు పెట్టుకున్నారు. గొట్టం ఎట్లా తుడవాలో ఎవరూ చెప్పలేదు. కన్నులు ఆమె గిన్నెలకు సరిపోలేదు కూడా. అన్ని ఇళ్లకూ ఒకే అచ్చు పోశారు మరి.

అందుకని మేము ముందు గిన్నెలు కొలిచాం. అన్నం దబర, చేపల చట్టి, నీళ్ల బిందె. పెద్ద కన్ను దబరకు, రెండోది చట్టికి. నోట్లో మంట దబర కింద కాలి, మిగిలిన వేడి సన్నని దారిలో చట్టి కిందకు పోయి, అక్కడి నుంచి గొట్టంలోకి. చేపల పులుసుకు ఆ రెండో కన్ను సెగ సరిగ్గా సరిపోతుంది, చట్టిలో పులుసు ఎగిరి పడకుండా నిదానంగా ఉడుకుతుంది. గిన్నె కన్నులో దిగి కూర్చోవాలి. పక్కన సందు ఉంటే పొగ అక్కడే లేస్తుంది, గొట్టం దండగ.

మట్టి సరస్సు ఒడ్డుది పనికిరాదు. ఉప్పుమట్టితో చేసిన పొయ్యి వానాకాలం చెమ్మ పట్టి కారుతుంది. నాయన మూడు కిలోమీటర్ల అవతల మంచినీళ్ల చెరువు నుంచి జిగటమట్టి తెచ్చాడు. ఊక, తరిగిన గడ్డి, పేడ కలిపి మూడు రోజులు నానబెట్టి తొక్కాం. పొయ్యి కట్టినాక పదిహేను రోజులు నీడన ఆరనిచ్చాం. బీటలు వచ్చినచోట అమ్మ మళ్లీ మళ్లీ అలికింది. గొట్టాలు నాలుగంగుళాల సిమెంటువి, పైకప్పు దాటి మూడడుగులు. పైన వాన పడకుండా, నిప్పురవ్వ లేవకుండా రేకు టోపీ. కింద వంపు దగ్గర ఒక ఇటుక ఊడేట్టు వదిలాం. నెలకు ఒకసారి ఆ ఇటుక తీసి, పాతగుడ్డ చుట్టిన సరుగుడు బెత్తం పైకి దూర్చి మసి దులుపుతాను. అరగంట పని. మసి రాలితే చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

మా దగ్గర ఉప్పుగాలికి ఇనుము ఆగదు. ఇనుప కమ్మీలు నాలుగేళ్లకు పొరలు పొరలుగా ఊడతాయి. అందుకని రాతి కూసాలు నాలుగు పాతి, పైన సరుగుడు వాసాలు వేశాం. కప్పు తాటాకు వద్దనుకున్నాం, కింద నిప్పు ఉంటుంది. రేకులైతే ఎండకు పాకే పొయ్యి అవుతుంది. పడిపోయిన ఒక పాత ఇంటి పెంకులు చవకగా దొరికాయి. గొట్టం కప్పును దాటే చోట మాత్రం చుట్టూ రేకు వేశాం, వాసానికీ గొట్టానికీ మధ్య జానెడు దూరం వదిలి. నేల మట్టం అడుగున్నర లేపాం, తుఫాను నీళ్లు వచ్చిన గుర్తు ఇంటి గోడ మీద ఉంది కదా, దానికి పైన.

గ్యాసు సంగతి అడుగుతారు. ఉజ్వల పథకం 2016 మే 1న మొదలైంది, మాకూ కనెక్షన్ ఉంది. 14.2 కిలోల బండ అయిపోతే మళ్లీ కొనాలి. వలలో రొయ్యలు పడిన వారం కొంటాం, పడని వారం కొనం. కట్టె మాత్రం సర్కారు తుమ్మ రూపంలో ఊరి చుట్టూ ఉంది. టీకీ, వాన బాగా పట్టిన రోజుకీ గ్యాసు. దాన్ని పాకలో పెట్టమని చాలామంది చెప్పారు. వద్దన్నాను. గ్యాసు గాలి కంటే బరువు, కారితే నేల వారగా పాకుతుంది. నేల మీద అమ్మ నిప్పు ఉంది. కాబట్టి గ్యాసు ఇంట్లోని వంటగదిలోనే, కిటికీ తెరిచి.

అన్నిటికంటే నాకు నచ్చింది చేపలు కడిగే బండ. అరుగు చివర ఒక నాపరాయి వాలుగా వేశాం, నీళ్లు కాలువలో పడి అరటిచెట్ల పాదులోకి పోతాయి. పీతలు, జెల్లలు కడిగిన నీచునీళ్లు ఇదివరకు సందులో నిలిచి ఈగలు ముసిరేవి. ఇప్పుడు అరటి గెల వేసింది. పిల్లులు మాత్రం తగ్గలేదు.

కూలి మాదే కాబట్టి మొత్తం పదహారు వేలు దాటింది. ఎక్కువ పోయింది కూసాలకు, ఇటుకకు. అమ్మ దగ్గు పూర్తిగా పోలేదు. అన్నేళ్ల పొగ ఒక్క ఏడాదిలో పోదు. అయితే కళ్లు తుడుచుకోవటం మానేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా వండుతుంది, వండుతా మాట్లాడుతుంది. మేము పొయ్యి దగ్గర ఆమె మాట అంత సేపు వినటం ఇప్పుడే.

బడి మాస్టారు అయిదో తరగతి పిల్లల్ని తెచ్చి పాకను కొలిపించారు. వైశాల్యం, ఎత్తు, గొట్టం చుట్టుకొలత. ఒక పిల్ల అరుగు ఎత్తు కొలిచి, "మా అమ్మ ఇంకా పొట్టి సార్, ఆమెకు 20 చాలు" అనింది. పోయిన నెల పక్కింటి అక్క తన భర్తను వెంటబెట్టుకుని కొలతలు రాసుకుపోయింది. ఆమెది ఎడమచేతి వాటం. ఆమె పాకలో కట్టెలు పెట్టుకునే గూడు పొయ్యికి ఎడమ పక్కన కట్టమని నాయన చెప్పాడు.