ఓక్ పార్క్‌లో మూడు ఇళ్ళు

"ఇల్లు చూడ్డానికి కూడా టిక్కెట్టేవిటమ్మాయ్?" అన్నారు మా అత్తయ్యగారు కారు దిగుతూనే.

నయాగరా చూపించడం, అరోరా బాలాజీ గుడికి నాలుగుసార్లు వెళ్ళిరావడం అయిపోయాక, ఈసారి ఆవిణ్ణి ఓక్ పార్క్ తీసుకెళ్ళాను. షికాగోకి పడమరగా, పది మైళ్ళ లోపే ఉంటుంది. డౌన్‌టౌన్‌లో ఉద్యోగాలు చేసుకునే కలిగినవాళ్ళు చెట్ల నీడన పెద్ద పెద్ద ఇళ్ళు కట్టుకున్న ఊరు. కారు లేకపోయినా గ్రీన్ లైన్ రైలెక్కి వెళ్ళొచ్చు.

మొదట ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఇల్లు. 1889లో, 22 ఏళ్ళ వయసులో, తను పనిచేసే యజమాని దగ్గర 5,000 డాలర్లు అప్పు తీసుకుని కట్టుకున్నాడట. "మీ మావయ్యగారూ ఆఫీసులో లోను పెట్టే కట్టారు" అని అత్తయ్యగారు వెంటనే రైట్‌ని మనవాళ్ళలో కలిపేసుకున్నారు. మేడ మీద పిల్లల ఆటగది చూసి మాత్రం ఇద్దరం నోరు తెరిచాం. ఎత్తుగా, కమానులా వంగిన పైకప్పు. కిటికీలేమో పిల్లల ఎత్తుకి తగ్గట్టు కిందికి. రైట్ భార్య కేథరీన్ ఆ గదిలోనే చిన్నపిల్లలకు బడి నడిపిందట. 1909లో ఆయన ఆవిణ్ణీ, ఆరుగురు పిల్లల్నీ వదిలి, తను ఇల్లు కట్టిచ్చినాయన భార్యతో యూరప్ వెళ్ళిపోయాడు. "ఇంత మంచి గది కట్టినవాడికి అందులో పిల్లల్ని వదిలి వెళ్ళడానికి కాళ్ళెలా వచ్చాయో!" అన్నారు అత్తయ్యగారు.

ఫారెస్ట్ అవెన్యూ మీద ఆయన కట్టిన ఇళ్ళన్నీ చూస్తూ నడిచి, లేక్ స్ట్రీట్‌లో యూనిటీ టెంపుల్ కూడా చూశాం. కాంక్రీటు పోసి కట్టిన చర్చి, ఇప్పుడు యునెస్కో వారసత్వ సంపద. బయటికి కోటగోడలా ఉంటుంది, లోపల రంగుటద్దాల్లోంచి వెలుతురు దిగుతుంది.

రెండోది హెమింగ్వే పుట్టిన ఇల్లు. అమ్మమ్మగారిల్లే. 1899 జులైలో అక్కడే పుట్టాడు. పురుడు పుట్టింట్లోనే పోశారని అత్తయ్యగారికి చాలా నచ్చింది.

మూడో ఇంటికి టిక్కెట్టు లేదు. సొంతదారుల ఇల్లు, పేవ్‌మెంటు మీద నిలబడి చూడాల్సిందే. ఈస్ట్ అవెన్యూలోని ఆ ఇంటిని 1950లో కొనుక్కున్నాయన పెర్సీ జూలియన్. ఆయనా 1899లోనే పుట్టాడు, అలబామాలో, బానిసలుగా బతికినవాళ్ళ మనవడిగా. వియన్నాలో డాక్టరేటు చేసిన రసాయన శాస్త్రజ్ఞుడు. సోయా గింజల నుంచి ప్రొజెస్టరాన్ హార్మోన్‌ని పెద్ద ఎత్తున తయారుచెయ్యడానికి దారి వేసినవాడు. ఆయన భార్య ఆనా కూడా సోషియాలజీలో పీహెచ్‌డీ. ఆ ఊళ్ళో ఇల్లు కొనుక్కున్న మొదటి నల్లజాతి కుటుంబాల్లో వాళ్ళదొకటి. వాళ్ళింకా సామాను దింపకముందే, థాంక్స్‌గివింగ్ రోజుల్లో, ఎవరో ఇంటిని తగలబెట్టబోయారు. మరుసటేడు డైనమైట్ విసిరారు. అప్పుడు పిల్లలిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. జూలియన్ తుపాకీ పట్టుకుని రాత్రిళ్ళు కాపలా కాశాడు. ఊళ్ళో చాలామంది వాళ్ళ పక్షాన నిలబడ్డారు. ఇల్లు మాత్రం వదల్లేదు. 1968లో, ఇల్లు అమ్మేటప్పుడు రంగు చూడకూడదని ఓక్ పార్క్ చట్టం చేసుకుంది. ఇప్పుడక్కడొక మిడిల్ స్కూలుకి ఆయన పేరే.

నా మొదటి కాన్పులో, మూడో నెలలో భయపెట్టినప్పుడు, డాక్టరు రాసిచ్చింది ప్రొజెస్టరాన్ మాత్రలే. అత్తయ్యగారికి ఆ సంగతి గుర్తుచేశాను.

ఆవిడ చాలాసేపు ఆ ఇంటివైపే చూశారు. "మన వెనకింటి వాటా అద్దెకిచ్చేటప్పుడు నేనూ 'మీరేవిట్లు?' అని అడిగేదాన్ని" అన్నారు నెమ్మదిగా. "ఒకావిడ చంటిపిల్లనెత్తుకుని వచ్చింది. చెప్పగానే, వాటా ఖాళీ లేదన్నాను."

నేనేం మాట్లాడలేకపోయాను. ఇల్లు కొనేటప్పుడు మా ఏజెంటుకి "మంచి నైబర్‌హుడ్ కావాలి" అన్నది నేనే. నచ్చిన ఇల్లొకటి, పక్కింటి వరండాలో కూర్చున్నవాళ్ళని చూసి, కారు కూడా దిగకుండా వద్దన్నదీ నేనే. మావారికి మాత్రం వంటిల్లు ఇరుకన్నాను.

మొన్న ఒక స్నేహితురాలు ఇల్లు వెతుక్కుంటూ "మీ వీధిలో ఎవరెవరుంటారు?" అని ఫోన్లో అడిగింది. స్కూళ్ళ గురించి, టాక్సుల గురించి, చలికాలం రోడ్డు మీద మంచు ఎంత త్వరగా తీస్తారో చెప్పాను. మిగతాది వచ్చి, కారు దిగి, నడిచి చూసుకోమన్నాను.