రుషికొండ అల పుట్టిల్లు

విశాఖ రుషికొండకు తెల్లారకముందే బోర్డు చంకన పెట్టుకుని వచ్చే సర్ఫర్ ముందు ఫోన్ చూస్తాడు. అల ఎత్తు 1 మీటరు అనగానే గంతేసేవాడు కొత్తవాడు. పాతకాపు కళ్ళు పక్కనున్న సెకన్ల మీద పడతాయి.

అలకీ అలకీ మధ్య 6 సెకన్లే ఉంటే అది దగ్గర్లో గాలి రేపిన గలాటా. 14 ఉంటే దూరపు చుట్టం, ఎక్కడో దక్షిణ మహాసముద్రపు తుఫాను పంపినది. ఆ అల శక్తి గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగంతో నడిచి, రోజుల తర్వాత మన ఒడ్డు చేరుతుంది. అందుకే సముద్రమే లేని హైదరాబాద్‌లో కూర్చుని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలు దాని రాకను ముందే చెప్పగలుగుతున్నారు.

అల వచ్చాక ఎలా విరుగుతుందన్న దగ్గర చిక్కల్లా అడుగు ఇసుకతోనే. నీటి లోతు అల ఎత్తుకు దాదాపు 1.3 రెట్లకు తగ్గగానే అల విరుగుతుంది. ఒక్క వాయుగుండం వచ్చిపోతే అడుగునున్న తిన్నెలు చోటు మారతాయి. నిన్న వరసగా విచ్చుకున్న అల ఇవాళ అక్కడే ఒక్కసారిగా కూలిపడుతుంది. ఏ యాప్‌కీ ఇది అందదు.

పొద్దున నేల మీంచి వచ్చే గాలి అలను నున్నగా దువ్వుతుంది; మధ్యాహ్నం సముద్రపు గాలి రేపేస్తుంది.

తిన్నెల మధ్య అల విరగకుండా ముదురు రంగులో కనిపించే నీళ్ళు ప్రశాంతంగా ఉన్నాయని దిగకండి. మనిషిని లోపలికి లాగే ప్రవాహం తరచూ అక్కడే ఉంటుంది.