ఆదాము, హవ్వ, ఒక సంతకం

క్రిస్టియన్ కాలేజీ అనగానే కోస్తా జిల్లాల్లో పెరిగినవాళ్ళకి గుంటూరు ఏసీ కాలేజీయో, బందరు నోబుల్ కాలేజీయో, బెజవాడ లయోలానో గుర్తొస్తుంది. అక్కడ చదువుకున్నవాళ్ళలో, చదువు చెప్పినవాళ్ళలో ఎవరి దేవుడు వాళ్ళకుండేవాడు. 1885లో అమెరికన్ లూథరన్ మిషనరీలు మొదలుపెట్టిన ఏసీ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ పాఠం చెప్పారు. మా విశ్వాస ప్రమాణం మీద సంతకం పెడితేనే ఉద్యోగం అని ఉంటే, వేయిపడగలు రాసిన మనిషి ఆ గేటు దాటి లోపలికి వెళ్ళేవారు కాదు.

అమెరికాలో అచ్చంగా ఆ షరతు మీదే నడిచే కాలేజీలు చాలా ఉన్నాయి. ఫిజిక్సు చెప్పేవాళ్ళైనా, ఫుట్‌బాల్ నేర్పేవాళ్ళైనా, మేం ఫలానా ఫలానావి నమ్ముతాం అని రాసి ఉన్న కాగితం మీద సంతకం చెయ్యాలి. కొన్నిచోట్ల ఏటేటా చెయ్యాలి. ఇక్కడికొచ్చిన కొత్తలో ఈ సంగతి వింటే నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే అందులో నవ్వాల్సినదేమీ లేదనిపించింది. ఎవరి డబ్బుతో వాళ్ళు, తమ పిల్లల కోసం, తమ నమ్మకం ప్రకారం కాలేజీ పెట్టుకున్నారు. చేరేవాళ్ళు తెలిసే చేరుతున్నారు. అయితే చేరినప్పుడున్న కాగితం ఇరవై ఏళ్ళ తర్వాత ఇంకోలా ఉంటే ఏమవుతుంది? టెనెసీ రాష్ట్రంలో బ్రయన్ కాలేజీ అనే చిన్న కాలేజీలో 2014లో ఇదే జరిగింది. ఆ గొడవ గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. ఎందుకో చివర్లో చెప్తాను.

ఈ కాలేజీ ఉన్న ఊరు డేటన్. స్కోప్స్ కేసు ఊరంటే ఎక్కువమందికి తెలుస్తుంది. 1925లో టెనెసీ ప్రభుత్వం, మనిషి కిందిస్థాయి జంతువుల నుంచి వచ్చాడని బడిలో చెప్పకూడదంటూ చట్టం చేసింది. ఆ చట్టాన్ని కోర్టులో పరీక్షించాలని పౌరహక్కుల సంఘం ఒకటి పేపర్లో ప్రకటన ఇచ్చింది. డేటన్ పెద్దమనుషులు ఒక మందుల షాపులో కూర్చుని, ఈ కేసేదో మన ఊళ్ళో జరిగితే ఊరికి పేరొస్తుంది, నాలుగు డబ్బులొస్తాయి అని లెక్కేసుకుని జాన్ స్కోప్స్ అనే కుర్ర టీచర్ని ఒప్పించారు. ప్రాసిక్యూషన్ తరఫున మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ వచ్చాడు. స్కోప్స్ తరఫున క్లారెన్స్ డారో వచ్చాడు. జులై 10న మొదలైన విచారణ 21న ముగిసింది, 100 డాలర్ల జరిమానా పడింది. తర్వాత రెండేళ్ళకి పై కోర్టు ఒక సాంకేతిక కారణం చూపించి ఆ శిక్షని కొట్టేసింది. ఈలోగా, తీర్పొచ్చిన ఐదో రోజునే, బ్రయన్ ఆ ఊళ్ళోనే నిద్రలో చనిపోయాడు. 1930లో ఆయన పేరు మీద ఊరి పక్క గుట్ట మీద కాలేజీ వెలిసింది.

అట్లాంటాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 2018లో, ఒక శనివారం నా పాత రూమ్మేటూ నేనూ ఆ ఊరు చూడ్డానికి వెళ్ళాం. 1891లో కట్టిన కోర్టు ఇంకా అలాగే ఉంది. ముందు పచ్చికలో రెండు విగ్రహాలు. బ్రయన్ విగ్రహాన్ని ఆ కాలేజీ వాళ్ళే 2005లో పెట్టించారు. డారోది నాస్తిక సంఘం వాళ్ళ పూనికతో 2017లో వచ్చింది. "ఇదేంట్రా, మన ఊళ్ళో అయితే రెండు విగ్రహాలకీ మధ్య పోలీసు పికెట్ పెట్టాల్సొచ్చేది" అన్నాడు మావాడు. కాలేజీ గుట్ట మీదకి కూడా వెళ్ళొచ్చాం. ప్రశాంతంగా ఉంది. నాలుగేళ్ళ కిందట అక్కడ అంత రభస జరిగిందంటే నమ్మబుద్ధి కాలేదు.

రభస ఇదీ. కాలేజీ పుట్టినప్పటి విశ్వాస ప్రకటనలో, ఆదికాండంలో చెప్పినట్టు దేవుడి ఆజ్ఞ వల్ల, ఆయన సృష్టికార్యం వల్ల మనిషి పుట్టాడు అని అర్థమొచ్చే వాక్యం ఉంది. ఎనభై ఏళ్ళకి పైగా అందరూ దాని మీదే సంతకాలు పెట్టారు. ఆ వాక్యంలో కొంచెం ఖాళీ ఉంది. దేవుడు ఆరు రోజుల్లో మట్టితో చేశాడని నమ్మేవాళ్ళూ సంతకం పెట్టొచ్చు. దేవుడు పరిణామం అనే దారిలోనే మనిషిని తెచ్చాడనుకునేవాళ్ళూ, కొంచెం ఇబ్బంది పడుతూనైనా, పెట్టొచ్చు. 2014 ఫిబ్రవరిలో ట్రస్టీలు ఆ ఖాళీని పూడ్చేశారు. మనుషులందరూ ఆదాము హవ్వల సంతానమే, వాళ్ళిద్దరూ చరిత్రలో నిజంగా ఉన్న మనుషులు, అంతకుముందున్న ఏ ప్రాణి నుంచీ కాకుండా దేవుడు వాళ్ళని ప్రత్యేకంగా చేశాడు, అని కలిపారు. కొత్త కాంట్రాక్టు కావాలంటే దీనికి ఒప్పుకోవాలి.

అప్పుడే ఎందుకు? 2000 తర్వాత మనిషి జీనోమ్ లెక్కలు బయటికొచ్చాయి. ఇప్పటి మనుషుల్లో ఉన్న జన్యు వైవిధ్యం ఒకే ఒక్క జంట నుంచి వచ్చిందనుకోవడం కష్టం, మన పూర్వీకుల సంఖ్య కొన్ని వేలకి తగ్గినట్టు కనిపించదు అని జన్యుశాస్త్రవేత్తలు అంటూ వచ్చారు. ఇలా అన్నవాళ్ళలో భక్తులైన క్రైస్తవులు కూడా ఉన్నారు. 2011 నాటికి ఆదాము చారిత్రక వ్యక్తా కాదా అన్న చర్చ ఇవాంజెలికల్ పత్రికల ముఖచిత్రాల మీదకి ఎక్కింది. ఇలాంటి కాలేజీలకి పిల్లల్ని పంపేదీ, విరాళాలిచ్చేదీ చర్చిలే. మీ కాలేజీ ఏ పక్షం అని అవి అడగడం మొదలుపెడతాయి. ఏ వైపూ చెప్పకుండా నడవడం అధ్యక్షుడికి కష్టమవుతుంది.

అప్పటి అధ్యక్షుడు స్టీఫెన్ లివ్‌సే 2003 నుంచీ ఉన్నాడు. ఆయన మీద అసంతృప్తి ఆదాముతోనే మొదలవలేదు, పాలన తీరు మీద అప్పటికే మాటలున్నాయి. ఈ కొత్త వాక్యం వచ్చాక అధ్యాపకులు ఓటేసుకుంటే, 30 మంది ఆయన మీద విశ్వాసం లేదన్నారు, ఇద్దరు ఉందన్నారు. విద్యార్థులు వందల్లో సంతకాలు చేసి విన్నపం ఇచ్చారు. ఇద్దరు ప్రొఫెసర్లు కోర్టుకెళ్ళారు. విశ్వాస ప్రకటనని మార్చే అధికారం కాలేజీ చార్టర్ ప్రకారం ట్రస్టీలకి లేదని వాళ్ళ వాదన. ఆ కేసు తీర్పుదాకా వెళ్ళకుండా రాజీతో ముగిసింది. కొందరు అధ్యాపకులు వెళ్ళిపోయారు. ట్రస్టీల్లోనూ కొందరు రాజీనామా చేశారు. లివ్‌సే మాత్రం 2020 దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు.

ఈ కథలో నన్ను పట్టుకున్నది ఆ చార్టర్ సంగతి. మార్చడానికి వీల్లేదు కాబట్టి ట్రస్టీలు 'మార్చాం' అనలేదు. 'స్పష్టీకరణ' అన్నారు. మా వృత్తిలో ఇది రోజూ చూసే వ్యవహారమే. రిలీజ్ అయిన వెర్షన్‌ని ముట్టుకోకూడదని రూలుంటుంది. దాన్ని ముట్టుకోకుండా పక్కన ఇంకో ఫైలు పెట్టి, ఇకనుంచి ఇదే చదవండి అంటాం. రూలు నిలబడుతుంది, ప్రోగ్రాం మాత్రం వేరేలా నడుస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి బాధ ఉండదు కాబట్టి సరిపోతుంది.

మనిషి విషయంలో ఈ మాట తేడా చిన్నది కాదు. "మేం మార్చాం" అంటే, నువ్వు ఇరవై ఏళ్ళుగా పెట్టిన సంతకాలు నిజమైనవే, ఈ ఏడాది నుంచి మా దారి వేరు, అని అర్థం. "స్పష్టం చేశాం" అంటే, ఆ వాక్యానికి మొదట్నుంచీ ఇదే అర్థం, నువ్వే వేరే ఏదో మనసులో పెట్టుకుని సంతకం చేశావు, అని అర్థం. మొదటిది ఉద్యోగం తీసేస్తుంది. రెండోది ఉద్యోగంతో పాటు గతాన్ని కూడా తీసేస్తుంది. మన దగ్గర 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం పాఠాన్ని తీసేసినప్పుడు కూడా 'తీసేశాం' అని గట్టిగా చెప్పినవాళ్ళు లేరు. భారం తగ్గించే 'హేతుబద్ధీకరణ' అన్నారు. ఇలాంటి పదం ఎదురైతే దాని వెనక ఏం జరిగిందా అని వెతకడం నాకు అలవాటైపోయింది.

దీన్ని సైన్సుకీ మూఢత్వానికీ మధ్య పోట్లాటగా చెప్పేస్తే సులువే. కానీ ఆ గుట్ట మీద పనిచేసిన మనుషుల్ని చూస్తే అలా కుదరదు. సృష్టివాదాన్ని నమ్మే కర్ట్ వైజ్ అక్కడే పదిహేనేళ్ళకు పైగా పనిచేశాడు. ఆయన హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసింది స్టీఫెన్ జే గూల్డ్ దగ్గర. ఆయన తర్వాత టాడ్ వుడ్ వచ్చాడు. జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్, భూమి వయసు కొన్ని వేల ఏళ్ళే అని నమ్మే మనిషి. పరిణామ సిద్ధాంతం కూలిపోయే స్థితిలో ఏమీ లేదు, దానికి బోలెడు సాక్ష్యాలున్నాయి, అయినా నేను విశ్వాసం వల్ల దాన్ని ఒప్పుకోను అని 2009లో బాహాటంగా రాశాడు. ఆయన నమ్మకంతో నాకు ఏమాత్రం ఏకీభావం లేదు. కానీ అవతలి పక్షం బలాన్ని ఇంత నిజాయితీగా ఒప్పుకున్నవాళ్ళు నా పక్షంలో ఎంతమంది ఉన్నారో వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఆయన నడిపిన పరిశోధన కేంద్రానికి కాలేజీ 2013లో డబ్బు ఆపేసింది. అంటే సృష్టివాదం కోసం వాక్యం బిగించడానికి ఏడాది ముందు, సృష్టివాదం మీద పనిచేసే విభాగాన్నే మూసేసింది. కాలేజీకి ఆ ప్రశ్న మీద పని అక్కర్లేదు, దానికొక జవాబు రాసి ఉంటే చాలు అన్నట్టుంది ఇది.

ఇంకో తమాషా కూడా ఉంది. కోర్టులో డారో అడ్డప్రశ్నలకి జవాబిస్తూ బ్రయన్, సృష్టి జరిగిన రోజులు ఇరవై నాలుగు గంటల రోజులే కానక్కర్లేదని ఒప్పుకున్నాడు. మనిషి విషయంలో రాజీ పడలేదు, నిజమే. కానీ ఆయన మనసులోనూ ఒక వాక్యాన్ని కొంచెం వదులుగా చదువుకునే చోటుంది.

ఈ కాలేజీ గురించి తెలుసుకోవాలంటే రేచల్ హెల్డ్ ఎవాన్స్ 2010లో రాసిన 'ఇవాల్వింగ్ ఇన్ మంకీ టౌన్' చదవాలి. ఆవిడ ఆ ఊళ్ళో పెరిగింది, ఆ కాలేజీలోనే చదివింది, తండ్రి అక్కడే పాఠం చెప్పాడు. పుస్తకంలో కొన్నిచోట్ల హాస్యం అవసరానికి మించి ఉంటుంది, కొన్ని అధ్యాయాలు పలచగా అయిపోయాయి. కానీ అన్ని జవాబులూ నేర్చుకుని గ్రాడ్యుయేట్ అయిన అమ్మాయికి ఆ జవాబులకి సరిపడని ప్రశ్నలు ఒక్కొక్కటే ఎదురవడం చాలా బాగా రాసింది. ఊరి మీద, కాలేజీ మీద వెక్కిరింత లేదు, ప్రేమే ఉంది. 2019లో 37 ఏళ్ళకే చనిపోయింది. నమ్మకంలో ఖాళీ మిగిల్చి పెంచితే మనుషులు ఎలా తయారవుతారో చెప్పడానికి ఆవిడ ఒక ఉదాహరణ. ఆ ఖాళీ ప్రమాదకరం అని వాదించేవాళ్ళకి కూడా ఆవిడే ఉదాహరణ.

ఎందుకింత చదివానో చెప్తానన్నాను కదా. మా నాన్న ఒక ప్రైవేటు కాలేజీలో ఇరవై రెండేళ్ళు ఫిజిక్సు చెప్పారు. ఊళ్ళో పెద్దలు చందాలేసుకుని పెట్టిన కాలేజీ. నేను ఇంటర్లో ఉండగా యాజమాన్యం మారింది. కొత్తవాళ్ళు లెక్చరర్లందరికీ కొత్త అగ్రిమెంటు ఇచ్చారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టాలి, అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి, ఇవన్నీ పాత సర్వీసు రూల్స్‌లో ఉన్నవాటికి వివరణ మాత్రమే, అని దాని పైన రాసి ఉంది. ఇద్దరు సంతకం చెయ్యకుండా వెళ్ళిపోయారు. ఊళ్ళో వాళ్ళని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నాన్న చేశారు. నా ఫీజులు, చెల్లి ఫీజులు, మామ్మ మందులు. చాలా ఏళ్ళ తర్వాత బ్రయన్ కాలేజీ సంగతి ఫోన్లో చెప్తే అంతా విని, "వెళ్ళిపోయినవాళ్ళ గురించి చెప్పావు సరే. ఉండిపోయినవాళ్ళు ఏం చేశార్రా?" అని అడిగారు. దానికి జవాబు నేను చదివినవాటిలో ఎక్కడా లేదు.

ఆ 30 మందిలో చాలామంది ఆ తర్వాత సంతకం పెట్టే ఉంటారు. కొందరు మనస్ఫూర్తిగా పెట్టుంటారు, వాక్యంతో పేచీ లేదు, పద్ధతితోనే పేచీ అనుకుని. కొందరు ఇంటి అప్పు చూసుకుని పెట్టుంటారు. డేటన్‌లాంటి చిన్న ఊళ్ళో వేదాంతం చెప్పే మనిషికి ఇంకో ఉద్యోగం దొరకడం అంత తేలిక కాదు. వీసా కాగితం ఉద్యోగానికి ముడిపడి ఉన్న మాలాంటివాళ్ళకి ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. ఏటా కంపెనీ పంపే పాలసీకి 'నేను చదివి అంగీకరించాను' అని ఒక్క క్షణంలో నొక్కేస్తాం. అందులో మా దేవుడి ఊసు ఉండదు కాబట్టి సరిపోతోంది.

కాలేజీకి తన దారి మార్చుకునే హక్కు లేదని నేను అనను. నిక్కచ్చిగా ఉండాలనుకున్న సంస్థ ఉండొచ్చు. కాకపోతే మార్చాం అని ఒప్పుకుని, ఇకమీదట చేరేవాళ్ళకి కొత్త వాక్యం, ఇప్పటికే ఉన్నవాళ్ళకి వాళ్ళు చేరిననాటి వాక్యం అని ఉంటే కొంపలేమీ మునిగేవి కావు. ఒక తరం గడిస్తే కాలేజీ వాళ్ళు కోరుకున్నట్టే తయారయ్యేది. ఆ ఓపిక ఉంటే కోర్టు కేసు, అవిశ్వాసం ఓటు తప్పేవేమో. మా నాన్నకి ఈ మాట చెప్తే, "అంత ఓపికున్నవాళ్ళు యాజమాన్యం ఎందుకవుతార్రా" అన్నారు.