ఒకే రాయి, ఇద్దరు తల్లులు

పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్. ఆ ఇంటి గోడ మీద ఏళ్ల తరబడి ఉన్నది ఒక్క తల్లి బొమ్మే. పటం కట్టించిన క్యాలెండర్ యశోద. ఒళ్లో కృష్ణుడు, మెడ నిండా నగలు, ముఖం నిండా నవ్వు. విశాఖపట్నంలో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న కొడుకు సెలవులకు వస్తూ మరో తల్లిని చుట్టచుట్టి తెచ్చాడు. అదొక లితోగ్రాఫ్‌కు నకలు. అందులో తల్లి బిడ్డను హత్తుకునే ఉంది. కానీ చూపు బిడ్డ మీద లేదు. తల వాల్చి తనలోకి తాను చూసుకుంటోంది.

"బిడ్డ చేతుల్లోనే ఉందిగా, ఈమెకు దిగులెందుకమ్మా?" అన్నాడు కొడుకు. క్లాసులో ఎన్ని ప్రశ్నలకో జవాబు చెప్పే ఆ టీచరమ్మ, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ చిత్రకారిణి మోంట్‌సెరాట్ గుడియోల్. స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతం ఆమెది. 1933లో బార్సిలోనాలో పుట్టి 2015లో కన్నుమూశారు. తండ్రి కళా చరిత్రకారుడు. మధ్యయుగాల చిత్రాలను బాగుచేసే పనిలో ఆమె చేయి తిరిగింది. సాగిన మెడలు, పాలిపోయిన ముఖాల్లో ఆ పాత చిత్రాల జాడ కనిపిస్తుంది. 1981లో కాటలోనియాలోని సాంత్ జోర్డి లలితకళల అకాడమీలో సభ్యత్వం పొందిన తొలి మహిళ అయ్యారు. ఆమె ఎక్కువగా వేసింది ఆడవాళ్లనే. తల్లులు మళ్లీ మళ్లీ కనిపిస్తారు. వాళ్లు ఏడవరు, ఎవరినీ తప్పుపట్టరు. వెనక ఇల్లుండదు, ఊయల ఉండదు. దిగులుకు కారణం ఇదీ అని చూపే వస్తువు ఒక్కటీ ఉండదు.

లితోగ్రాఫ్ అంటే రాతి అచ్చు. సున్నపురాతి పలక మీద జిడ్డు క్రేయాన్‌తో బొమ్మ గీసి తడుపుతారు. తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డున్న చోటే అంటుతుంది. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో పెట్టిన ప్రెస్ ఈ పద్ధతిలోనే దేవతలను రంగుల్లో అచ్చువేసి మన ఇళ్లకు చేర్చింది. యశోదా అలాగే వచ్చింది. రాయి ఒకటే. మన గోడలకెక్కింది మాత్రం నవ్వే తల్లే.

ఇరవై ఏళ్ల కిందట ఆ టీచరమ్మ బాలింత. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో, మధ్యలో దాదాపు మూడు రోజుల ఓడ ప్రయాణం. అనుకున్న సమయానికి ఓడ దొరకలేదు. చుట్టూ తెలుగువాళ్లకు కొదవలేదు. 2011 లెక్కల్లో ఈ దీవుల జనంలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగే. లేనిదల్లా కన్నతల్లి. పాలిస్తున్నా, జోకొడుతున్నా లోపల ఏదో ఖాళీ. దిష్టి తగిలిందన్నారొకరు. "మగబిడ్డను కని ఏడుపేమిటే?" అన్నారింకొకరు. తాను మంచి తల్లిని కానేమోనన్న అనుమానం అప్పుడే పట్టుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రసవించిన మహిళల్లో దాదాపు 13 శాతం మందికి మానసిక సమస్య, ముఖ్యంగా డిప్రెషన్ వస్తుంది. వర్ధమాన దేశాల్లో అది దాదాపు 20 శాతం. చికిత్స ఉంది. కానీ ముందు ఆ సంగతి నోరు విప్పి చెప్పాలి. నవ్వే తల్లిని మాత్రమే చూసిన ఇంట్లో అది తేలిక కాదు.

2024లో ఈ ఊరి పేరు శ్రీ విజయపురం అయింది. పేరు మారినంత సులువుగా మనసులో మాట బయటపడదు. ఆ రాత్రి భోజనాలయ్యాక ఆమె బొమ్మను మళ్లీ విప్పి చూసింది.

"బిడ్డంటే ఇష్టం లేక కాదురా. నువ్వు పుట్టిన కొత్తలో నేనూ ఇలాగే ఉండేదాన్ని. నిన్ను మాత్రం కింద పెట్టేదాన్ని కాదు."

కొడుకు ఏమీ అడగలేదు. మర్నాడు యశోద పక్కన ఇంకో మేకు కొట్టాడు.