శబరి ఒడ్డున గుడారం

డోమ్ టెంటుకు రెండు సన్నటి కడ్డీలే ఆధారం. ఒకదాని మీదుగా ఒకటి వేసి, కొసలు మూలల్లో గుచ్చితే బట్ట దానంతట అదే లేచి నిలబడుతుంది. పైబట్ట లోపలి బట్టకు తగలకుండా బిగించి కట్టాలి, లేకపోతే తెల్లారేసరికి మన ఊపిరి చెమ్మే మన మీద కారుతుంది.

ఇదంతా ఒక్క పూటలో వచ్చేస్తుంది. చోటు ఎంచుకోవడమే అసలు విద్య. చింతూరు దగ్గర శబరి ఇసుక తిన్నె చూస్తే అక్కడే నడుం వాల్చాలనిపిస్తుంది. కానీ దిగువన గోదావరి పొంగిందంటే, ఇక్కడ చినుకు పడకపోయినా శబరి ఎగదన్నుతుంది. 2022 జూలైలో అలాగే ఊళ్లు మునిగి, ఎన్నో కుటుంబాలు మెరక మీద టార్పాలిన్ల కింద తలదాచుకున్నాయి. టెంటు వేసే ప్రతిసారీ నాకు వాళ్లే గుర్తొస్తారు.

మారేడుమిల్లి ఘాట్ దిగి వచ్చేవాళ్లు ముందు ఊళ్లోవాళ్లని అడగండి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూపిస్తారు. ఆ గుర్తుకు పైనే మేకు దించండి.